ఖాళీ గదుల ఫొటోలతో మన జిల్లాలకే ఎక్కువ పని

సంపాదకులకు నమస్కారం.

మూడు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో జర్మనీ ఫొటోగ్రాఫర్ కాండిడా హోఫర్ గురించి ఒక వ్యాసం వచ్చింది. మరుసటి వారం ఇదే శీర్షికలో నల్లగొండ పాఠకుడొకరు దాని మీద కొంత ఘాటుగానే స్పందించారు. మనిషి లేని ఫొటో పెళ్లికొడుకు లేని పందిరి వంటిదని, ఖాళీ మేడలను చూసి మురిసిపోవడం కడుపు నిండినవారి ముచ్చట అని, కరవునూ వలసనూ చూసిన మన జిల్లాలకు అటువంటి కళతో పని లేదని ఆయన రాశారు. ఆయన కోపం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. అయితే నేను మహబూబ్‌నగర్‌లో 1979 నుంచి 2013 దాకా ఫొటో స్టూడియో నడిపినవాణ్ణి; ఆ ముప్పై నాలుగేళ్లలో మనుషులను తప్ప మరొకదాన్ని ఫొటో తీసి రూపాయి సంపాదించినవాణ్ణి కాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను, ఖాళీ గదుల ఫొటోలతో ఎవరికైనా నిజంగా పని ఉందంటే అది ముందు పాలమూరు, నల్లగొండ జిల్లాలకే ఉంది. ఉత్తరం కొంచెం పొడవైతే మన్నించండి.

హోఫర్ 1944లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డెలో పుట్టారు. గ్రంథాలయాలు, ప్రదర్శనశాలలు, నాటకశాలలు, రాజభవనాలు, అంటే నలుగురూ కూడడం కోసం కట్టిన చోట్లను ఆ నలుగురూ లేని వేళ ఆమె ఫొటో తీస్తారు. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ గ్రంథాలయాన్ని ఆమె 2004లో తీసిన చిత్రమే తీసుకోండి: రెండు వైపులా రెండేసి అంతస్తుల ఎత్తున పుస్తకాల అరలు, పైన విల్లులా వంగిన చెక్క కప్పు, నడుమ దారి, ఒక్క మనిషీ లేడు. ఆమె తన వెంట దీపాలు తీసుకుపోరు. కిటికీలోంచి వచ్చే ఎండ, గదిలో అప్పటికే వెలుగుతున్న దీపాలు, అంతే. కెమెరాను స్టాండు మీద కదలకుండా నిలిపి, కెమెరా తెరను, అంటే షటర్‌ను, చాలాసేపు తెరిచి ఉంచి, ఉన్న వెలుతురునే నెమ్మదిగా పోగు చేసుకుంటారు. అందుకే ఆ చిత్రాల్లో నీడలు నల్లగా ముద్దకట్టవు. మూలన ఉన్న కుర్చీ కాలి కింది నేల కూడా కనిపిస్తుంది. వాటిని గోడంత పెద్దవిగా అచ్చు వేయిస్తారు కాబట్టి, ఎదురుగా నిలబడ్డవారికి గడప దాటి లోపలికి అడుగు పెట్టబోతున్నట్టు ఉంటుందట. పేరు పెట్టే పద్ధతి కూడా చెప్పుకోదగ్గది. కట్టడం పేరు, ఊరు, వరుస సంఖ్య, ఏడాది; ‘నిశ్శబ్ద సంగీతం’ వంటి కవిత్వమేమీ ఉండదు. ఈ పేర్ల సంగతి చివర మళ్లీ ప్రస్తావిస్తాను.

నల్లగొండ పాఠకుడు గమనించని సంగతి, వ్యాసంలోనూ ఒక వాక్యంతో దాటవేసిన సంగతి మరొకటి ఉంది. హోఫర్ మొదటి నుంచీ ఖాళీ గదులు తీసిన మనిషి కారు. 1970లలో ఆమె తీసింది జర్మనీకి కూలికి వచ్చిన తుర్కీవారిని. 1961లో పశ్చిమ జర్మనీ, తుర్కీ ప్రభుత్వాలు చేసుకున్న ఒప్పందం మీద లక్షలాది మంది అక్కడి కర్మాగారాలకు పనికి పోయారు. ‘అతిథి కార్మికులు’ అని వారికి మర్యాదైన పేరు పెట్టారు, పని అయిపోగానే తిరిగి వెళ్లిపోతారనే లెక్కతో. వారి ఇళ్లలో, దుకాణాల్లో, తోటల్లో హోఫర్ ఫొటోలు తీశారు. తీస్తూ ఉండగా ఇతరుల బతుకుల్లోకి కెమెరాతో చొరబడుతున్నానన్న సంకోచం ఆమెకు కలిగింది. ఆ మనుషులు మసలే చోట్లు వారి గురించి ఎంతో చెబుతున్నాయనీ తోచింది. అక్కడి నుంచి క్రమంగా మనుషులు పక్కకు తప్పుకుని గదులు మిగిలాయి. విందుకు రాని అతిథి గురించే అందరూ మాట్లాడుకుంటారు కదా అన్న అర్థం వచ్చేలా ఆమె తన చిత్రాలను గురించి చెప్పిన మాట ఒకటుంది. వలస కూలీని చూసిన కన్నే ఖాళీ గదిని చూసింది. పాలమూరువాడిగా నాకు ఈ వరుస ఎంతమాత్రం వింతగా అనిపించలేదు.

ఎందుకంటే ఆ రెండు ఫొటోలూ మా దగ్గర ఒకే ఇంటివి. ‘పాలమూరు లేబర్’ అన్న మాట ఈ దేశంలో ఆనకట్టలు కట్టిన ప్రతి చోటా తెలుసు. గుంపు మేస్త్రీ ముందుగా ఇచ్చిన అడ్వాన్సు పుచ్చుకుని, బొంబాయి బస్సెక్కి, మట్టి మోసి, కంకర కొట్టి, తామెన్నడూ ఉండబోని అపార్టుమెంట్లకు గోడలు లేపి, పీర్ల పండుగకో ఉగాదికో ఊరికి వచ్చిపోయిన తరాలు మావి. ఇతరుల గదులను నింపడానికి పోయినవారి సొంత గదులు ఇక్కడ ఖాళీగా ఉన్నాయి. వారి పనిచోట్లలో తీసిన ఫొటోలు పత్రికల్లో ఎన్నో చూశాం: నెత్తి మీద తట్ట, చంకలో బిడ్డ. తాళం పడిన ఇంటి లోపలి ఫొటోలు ఎన్ని చూశాం?

నేను ఒకటి తీశాను. 1990లలో నారాయణపేట వైపు ఒక ఊరికి పెళ్లి ఫొటోలకు పోయినప్పుడు, ముహూర్తానికి ఇంకా సమయం ఉండగా, పక్క వాడలో వరుసగా తాళాలు పడిన ఇళ్లు కనిపించాయి. ఒక ఇంటి తాళంచెవి పక్కింటి అవ్వ దగ్గర ఉంది. లోపల ఒక ఫొటో తీసుకుంటానని అడిగితే ఆమె నవ్వి, “లోపట ఎవ్వరున్నరు బిడ్డా తీయనీకి? గోడలే గదా ఉన్నయి” అన్నది. అంటూనే తాళం తీసింది. ఒకటే అర్ర. దండెం మీద ఏమీ లేదు. గూట్లో దీపం పెట్టిన చోట మసి, ఉట్టికి బోర్లించిన కుండ, గోడకు ఆనించి చుట్టిన చాప. నేను స్టాండు నిలబెట్టి వెలుతురు చూసుకునేలోపల, గోడలే ఉన్నాయన్న అవ్వ మాట్లాడడం మొదలుపెట్టింది. ఈ మూలకు చిన్నోడు పండుకుంటడు, ఆ గోడకు తల పెట్టి ముసలాయన ప్రాణం విడిచిండు, ఆ మసి గూడు కోడలు వచ్చిన కొత్తల పూసిందే, మళ్ల ఎవరూ పూయలేదు. చాలాసేపు చెప్పింది. మనుషులు ఆ గదిలో ఉండి ఉంటే నేను వారిని వరుసగా నిలబెట్టి, ‘ఇటు చూడండి’ అని రెండు ఫొటోలు తీసి బయటికి వచ్చేసేవాణ్ణి. ఆ గూడును చూసేవాణ్ణి కాను, అవ్వ నోరు విప్పేది కాదు. మనిషి లేని ఫొటోలో ప్రాణం ఉండదన్నవారికి నా జవాబు ఆ అర్రలో దొరికినదే.

ఇది విదేశీ మోజు అన్న మాటకు కూడా చిన్న వివరణ ఇవ్వాలి. కెమెరా తన పుట్టుకలోనే ఖాళీని చూపించింది. 1838లో పారిస్‌లో డాగేర్ ఒక రద్దీ వీధిని తన కిటికీలోంచి తీస్తే, బండ్లూ మనుషులూ కదులుతూ ఉండడం వల్ల ఒక్కటీ పలక మీద నిలవలేదు. బూటు పాలిష్ చేయించుకోవడానికి కాసేపు కదలకుండా నిలబడ్డ ఒక మనిషి మాత్రం మిగిలాడు. ఇక మన దగ్గరికి వస్తే, మా ఊరికి పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ (1844–1905) నవాబులనూ వేటలనూ తీసినట్టే మహళ్ల లోపలి గదులనూ తీశారు. ‘ముసవ్విర్ జంగ్’ అన్న బిరుదు ఆయనకు అక్కడే దక్కింది. షాండ్లియర్లు, సోఫాలు, తివాచీలు, అద్దాలు ఉన్న ఆ దర్బారు గదుల్లో కూర్చున్నవారెవరూ లేరు. ఆయన ఉద్దేశం వేరు, నిజాం వైభవాన్ని చూపించడం. అయినా ఆ మహళ్ల గురించి నేడు మాట్లాడేవారికి నవాబుల ముఖాలకన్నా ఆ గదుల చిత్రాలే ఎక్కువ ఆధారం అవుతున్నాయి. పోర్ట్రెయిటులో వెనకాల తెర ఉంటుంది. గది ఫొటోలో గది ఉంటుంది.

ఇప్పుడు నా సొంత తప్పొకటి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. 2003లో మా జిల్లాలోని ఒక మండల కేంద్రంలో నిజాం కాలపు పాత కచేరీని, అంటే సర్కారు కార్యాలయాన్ని, కూల్చి కొత్త భవనం కట్టడానికి సంకల్పించారు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ అనవసరం. కూల్చివేతకు ముందురోజు చిన్న సభ పెట్టి, దండలు వేసుకుని, గుమ్మం ముందు గ్రూప్ ఫొటో దిగడానికి నన్ను పిలిపించారు. ముప్పై ఆరు ఫొటోల రీలులో ముప్పై రెండు దండలకే పోయాయి. అందరూ టీ తాగడానికి పోయినప్పుడు మిగిలిన నాలుగింటితో లోపలి గదులు తీశాను. డంగు సున్నం గోడలు, టేకు దూలాలు, మనిషి చెయ్యి తగిలీ తగిలీ నడుము ఎత్తున నల్లబడిన దర్వాజ. నకళ్లు ఇచ్చే గదిలో గుమాస్తాకూ రైతుకూ నడుమ కటకటాల వంటి చెక్క అడ్డం ఉండేది. దానికి రైతు వైపు చిన్న చెక్క గట్టు, గుమాస్తా వైపు పెద్ద బల్ల. రైతు నిలబడాలి, గుమాస్తా కూర్చోవాలి. ఆ అడ్డానికి పెట్టిన రంధ్రం కూడా ఎంత ఎత్తున ఉందంటే, నిలబడిన మనిషి కొద్దిగా వంగితే తప్ప లోపలివాడి ముఖం కనిపించదు. ఎన్నో ఏళ్లు ఆ కచేరీ చుట్టూ తిరిగినవారికి ఆ వంగడం ఒంటికి అలవాటై ఉంటుంది కాబట్టి వారు దాన్ని గమనించి ఉండరు. నేనూ జనం ఉన్నప్పుడు ఆ గదిలోకి పదిసార్లు పోయాను, గమనించలేదు. గది ఖాళీ అయ్యాక, కెమెరా స్టాండు ఎత్తు సరిచేసుకుంటుంటే తెలిసింది, ఆ గదిని కట్టినవాడు రైతు నడుమును కూడా లెక్కలోకి తీసుకున్నాడని.

ఈ ఫొటోలకు డబ్బు ఇచ్చేవారు లేరు కాబట్టి నాలుగింటిలో ఒక్కదానికే అచ్చు తీసి, నెగటివ్‌లను మిగతావాటితో కలిపి ఇనుప బీరువాలో పడేశాను. రెండు వానాకాలాలు గడిచాక చూస్తే అవన్నీ బూజు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ కచేరీ లోపలి రూపానికి ఈ భూమి మీద మిగిలింది నా దగ్గరి ఒక్క పోస్టుకార్డు సైజు అచ్చు. దండల ఫొటోలు మాత్రం ఆ కొత్త భవనంలో అద్దాల ఫ్రేములో భద్రంగా ఉన్నాయి.

హోఫర్‌కు గురువైన బెర్న్‌డ్ బెచర్, ఆయన భార్య హిల్లా బెచర్ చేసిన పని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1959 నుంచి వారిద్దరూ నీళ్ల టాంకీలను, ఇనుము కరిగించే కొలుములను, గనుల మీది ఎత్తు యంత్రాలను దశాబ్దాల పాటు ఒకే పద్ధతిలో తీశారు: నిండా మబ్బు పట్టిన రోజు, ఎదురుగా, నిటారుగా, మనిషి లేకుండా. ఒక్కో రకానివి తొమ్మిదో పన్నెండో పదిహేనో పక్కపక్కన పేర్చి చూపించేవారు. ఒకటి చూస్తే టాంకీ అనిపిస్తుంది; పన్నెండు కలిపి చూస్తే ప్రతి ఊరూ తన టాంకీని తనలాగే కట్టుకుందని తెలుస్తుంది. వారు తీసినవాటిలో ఎన్నో కట్టడాలు గనులూ కర్మాగారాలూ మూతపడ్డాక నేలమట్టమయ్యాయి. డార్ట్‌మండ్‌లోని జోలర్న్ బొగ్గు గని యంత్రశాలను 1969లో కూల్చబోతున్నప్పుడు ఆపడానికి గొంతు కలిపినవారిలో ఈ దంపతులూ ఉన్నారు. ఆ శాల నేటికీ నిలిచి ఉంది. 1990లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో వారికి స్వర్ణసింహం ఇచ్చారు, అదీ శిల్పకళా విభాగంలో. ఫొటో తీసినవారికి శిల్పి బహుమానమా అని నాకు మొదట నవ్వు వచ్చింది కానీ, ఆలోచిస్తే ఇచ్చినవారు తెలివితక్కువవారు కారనిపించింది. ఆ పద్ధతిలో మా ఊరి ఎడ్ల మోటబావులను ఎవరైనా తీసి ఉంటే ఎలా ఉండేదో ఊహించండి. రాతి కట్టు, మోట గిలక నిలబెట్టిన రాళ్లు, ఎడ్లు దిగి ఎక్కే వాలు. ఒక్క మండలంలోనే పన్నెండు బావులు దొరికేవి. చాలావాటిని చెత్తతో పూడ్చేశాం.

మన దగ్గర ఖాళీ పుట్టిన కారణాలు ఒకటి కాదు, ఫొటోల్లో అవన్నీ ఒకేలా కనిపించే ప్రమాదం ఉంది. ఆ విషయంలో నల్లగొండ పాఠకుడి అనుమానానికి నా దగ్గరా సగం చోటుంది. వలస వల్ల ఖాళీ అయిన అర్ర వేరు. నీళ్ల వల్ల ఖాళీ అయిన ఊరు వేరు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణా, తుంగభద్రలు కలిసే కూడవెల్లిలోని సంగమేశ్వరాలయాన్ని రాయికి రాయి విప్పి తెచ్చి ఆలంపురంలో మళ్లీ నిలబెట్టారు. బాదామి చాళుక్యుల కాలపు ఆ గుడి ఇప్పుడు ఊరి అంచున, పచ్చిక నడుమ, ఎంతో శుభ్రంగా ఉంటుంది. దాన్ని తీసినప్పుడల్లా నాకు ఏదో తక్కువైనట్టు అనిపించేది. రాళ్లన్నీ వచ్చాయి, లోపలి చీకటి కూడా కొలతకు కొలత వచ్చింది. రెండు నదుల నడుమ దాని చుట్టూ ఉండిన బయలు మాత్రం బండ్లకు ఎత్తలేకపోయారు. గుడిని ఎదురుగా కాకుండా, ద్వారంలోంచి బయటికి చూస్తూ తీసినప్పుడే ఆ లోటు ఫొటోలోకి వచ్చింది. అటువైపు నది ఉండాలి, లేదు.

గడీల సంగతి ఇంకొక రకం. నల్లగొండలోనూ పాలమూరులోనూ దొరల గడీలు కొన్ని పశువుల కొట్టాలయ్యాయి, కొన్నింటిలో తుమ్మలు మొలిచాయి, కొన్నింటిని రాయీ కలపా అమ్ముకున్నారు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం పేరు చెబితేనే ఆ బుర్జులూ దేవిడీలూ ఎందుకు ఖాళీ అయ్యాయో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. వాటిని బంగారు రంగు సాయంత్రపు ఎండలో అందంగా తీసి, ‘ఒకనాటి వైభవం’ అని కింద రాస్తే అది అబద్ధం. వాటి వాకిలిలో చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డవారి మనవలం ఈ ఊళ్లలో ఇంకా ఉన్నాం. ఈ ఒక్క విషయంలో ఆ పాఠకుడితో నాకు పేచీ లేదు. అయితే గడీని తీయకుండా కూలనివ్వడం కూడా దొరకే లాభం. కచేరీ నడిపిన అరుగు ఎంత ఎత్తున ఉండేది, ఎదుట నిలబడ్డ మనిషి తల ఎక్కడికి వచ్చేది, లోపలి వాకిటికీ బయటి వాకిటికీ నడుమ ఎన్ని దర్వాజలు దాటాలి, వెట్టికి వచ్చినవారు ఏ దారిన పోవాలి అన్నది ఆ గోడలే చెబుతాయి. ఎటువంటి ఎండా లేని మబ్బు రోజున, నిటారుగా, అరుగు ఎత్తు తెలిసేలా తీసిన ఒక్క ఫొటో ఆ రోజుల గురించి చేసే ఉపన్యాసాలకన్నా నమ్మదగ్గ సాక్ష్యం. కట్టడం మాట మార్చదు.

పెళ్లికి ముందు షూటింగులకు కోటలకూ గడీలకూ పోయే కుర్ర ఫొటోగ్రాఫర్ల మీద నాకు కోపమేమీ లేదు. నేను స్టూడియో మూసేనాటికి ఆ పని ఇంకా మా ఊరికి పూర్తిగా రాలేదు, వచ్చి ఉంటే నేనూ చేసేవాణ్ణి. వారి చేతుల్లో ఉన్న కెమెరాలు నా కాలంలో కలలో కూడా లేనివి. కానీ ఒక చిన్న మాట. వెడల్పు లెన్సుతో కింది నుంచి పైకి తీస్తే స్తంభాలన్నీ లోపలికి వాలిపోతాయి, గది ఉన్నదానికి రెండింతలు కనిపిస్తుంది. జంటకు అది అందమే, గదికి మాత్రం అవమానం. కెమెరాను గది ఎత్తులో సగానికి తెచ్చి, మట్టం చూసుకుని, గోడకు సమాంతరంగా నిలిపి, దీపాలు ఆర్పి, ఉన్న వెలుతురుకు తగినంతసేపు ఆగితే చాలు. జంట ముస్తాబయ్యేలోపల ఆ ఒక్క ఫొటో అయిపోతుంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో ఇది ప్రయత్నించి చూడండి. గర్భగుడి గోడ మీద స్తంభం వంటి నీడ, పొద్దు ఎటు తిరిగినా కదలకుండా నిలిచే ఆ నీడ, ఫ్లాషు వేసినవాడికి దొరకదు. కుందూరు చోడుల నాటి శిల్పులు స్తంభాలను నిలబెట్టిన లెక్క అంతా వాటి నడుమ వదిలిన ఖాళీలో ఉంది. అక్కడి వెలుతురును చెడగొట్టకుండా నిలబడగలిగినవాడు దేన్నైనా తీయగలడు.

జపాన్‌కు చెందిన హిరోషి సుగిమోతో (జననం 1948) 1970ల చివరి నుంచి సినిమా హాళ్లను తీసిన పద్ధతి కూడా మన కుర్రవారికి చెప్పాలనిపిస్తుంది. ఆట మొదలైనప్పుడు కెమెరా షటర్ తెరుస్తారు, ఆట అయిపోయాక మూస్తారు. సినిమా మొత్తం కలిసి తెల్లటి వెలుగు పలకగా మారిపోతుంది, ఆ వెలుగులో హాలు గోడలూ కప్పూ వరుస కుర్చీలూ బయటపడతాయి. మా పట్టణాల్లోనూ ఒంటి తెర హాళ్లు కొన్ని ఫంక్షన్ హాళ్లయ్యాయి, కొన్ని తాళాలు వేసుకుని ఉన్నాయి. నేల టికెట్టు బెంచీలు ఇంకా మిగిలిన హాలు ఏదైనా ఉంటే ఎవరైనా త్వరపడండి. ఇది నా సొంత ఆశ, వాదనలో భాగం కాదు.

ఇక అడగదలచుకున్నది అడుగుతాను. తెలంగాణలో వారసత్వ కట్టడాల రక్షణకు 2017లో చట్టం వచ్చింది. ఆలంపురం, పానగల్లు, భువనగిరి కోట వంటివి ఏదో ఒక శాఖ రక్షణలో ఉన్నాయి, వాటి ఫొటోలకూ కొదవ లేదు. గద్వాల కోటలోనూ వనపర్తి రాజభవనంలోనూ కళాశాలలు నడుస్తున్నాయి కాబట్టి అక్కడ కనీసం రోజూ తలుపులు తీసి ఊడుస్తున్నారు. నేను అడిగేది ఏ జాబితాలోకీ ఎక్కని గదుల గురించి: పాత కచేరీలు, ఠాణాలు, ముసాఫిర్‌ఖానాలు, మొదటి తరం ప్రాథమిక పాఠశాలలు, గడీలు, వలసపోయినవారి అర్రలు. వాటన్నింటినీ కాపాడాలని నేను అనడం లేదు. అది జరగదు, జరగాలన్న నియమమూ లేదు. కురిసే పాఠశాలలో పిల్లలను కూర్చోబెట్టి దాన్ని వారసత్వం అనడం న్యాయం కాదు. ప్రభుత్వ భవనం దేన్నైనా కూల్చే ముందు దాని ప్రతి గదినీ ఖాళీగా, ఉన్న వెలుతురులో, కొలబద్ద పక్కన పెట్టి ఫొటో తీయించి, ఒక ప్రతి జిల్లా గ్రంథాలయంలో ఉంచాలని మాత్రం కలెక్టర్లు ఒక ఆదేశం ఇవ్వవచ్చు. కూల్చివేతకు కాంట్రాక్టరుకు ఇచ్చే డబ్బులో దీనికయ్యే ఖర్చు లెక్కలోకి కూడా రాదు. ప్రైవేటు ఇళ్లకు ఆదేశాలు పనికిరావు. అక్కడ తాళంచెవి ఉన్న అవ్వను వెతుక్కోవాలి, ఆమె చెప్పినంతసేపూ వినాలి.

మీ పత్రికను అడిగేది ఇంకా చిన్నది. జిల్లా పేజీలో ఆదివారం నాడు ఒక్క ఖాళీ గది ఫొటోకు చోటివ్వండి. శీర్షికకు హోఫర్ పద్ధతే పెట్టుకుందాం, కవిత్వం లేకుండా: కట్టడం, ఊరు, గది, ఏడాది. మనకు మాత్రం ఇంకొక్క మాట కలపాలి, అది ఎందుకు ఖాళీ అయిందో. వలస, ముంపు, పోరాటం, కొత్త భవనం, పిల్లలు లేక మూతపడ్డ బడి, ఏదైతే అది. ఆ ఒక్క మాట ఉంటే నల్లగొండ పాఠకుడు భయపడిన అందమైన అబద్ధం అచ్చులోకి రాదు. ఆయన కూడా తన వైపు గదులను పంపుతారని ఆశ. ఆయన ఉత్తరంలో వలస గురించి రాసిన తీరు చూస్తే, తాళం పడిన ఇళ్లు ఆయనకూ బాగా తెలిసినవేనని నాకనిపించింది.

మొదటి వారానికి నా దగ్గర మిగిలిన ఆ పోస్టుకార్డు సైజు అచ్చును ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. పని అయ్యాక దయచేసి తిరిగి పంపగలరు, దానికి నెగటివ్ లేదు. కింద ఇలా వేయండి: పాత కచేరీ, మహబూబ్‌నగర్ జిల్లా, నకళ్ల గది, 2003. కూల్చివేతకు ముందురోజు.

భవదీయుడు,
విశ్రాంత స్టూడియో ఫొటోగ్రాఫర్,
మహబూబ్‌నగర్